మాట్లాడని తమ్ముడు

పిల్లలూ! ముందుగా ఒక చిన్న ప్రయోగం చేద్దాం. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. ఈ సాయంత్రం ఇంట్లో ఒక గంటసేపు నోరు విప్పకండి. కాగితం మీద రాయకండి. వేలు పెట్టి చూపించకండి. తల కూడా ఊపకండి. ఆ గంటలో మీకు దాహం వేసిందనుకోండి. అమ్మకు ఎలా తెలుస్తుంది? చెవిలో పోటు మొదలైతే ఎవరితో చెప్పుకుంటారు?

పది నిమిషాలకు విసుగు పుడుతుంది. ఇరవై నిమిషాలకు కోపం వస్తుంది. మీకు మంచినీళ్లు కావలసి ఉంటే అమ్మ అన్నం పట్టుకొస్తుంది. ఆ గిన్నెను తోసెయ్యాలనిపిస్తుంది. చూసినవాళ్లు "ఎంత మొండి పిల్లలు!" అంటారు. నిజానికి మీలో మొండితనం లేదు. చెప్పవలసిన సంగతి ఉంది, చెప్పే దారి మూసుకుపోయింది. అంతే!

మీ ప్రయోగం గంటలో ముగుస్తుంది. కాని కొందరు పిల్లలకు ప్రతిరోజూ, ఉదయం లేచింది మొదలు రాత్రి పడుకునే వరకు, ఇదే పరిస్థితి. అటువంటి పిల్లల గురించి, వారికి మన ఊళ్లోనే దొరికే సాయం గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

బడికి రాని అక్క

నెల్లూరుకు తూర్పున, కండలేరు సముద్రంలో కలిసే చోట కృష్ణపట్నం ఉంది. 2008లో ఇక్కడ పెద్ద ఓడరేవు ప్రారంభమైంది. రేవు రోడ్డు మీద పగలూ రాత్రీ లారీలు తిరుగుతుంటాయి. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, మధ్యలో రొయ్యల గుంటలు. ఎటు చూసినా నీళ్లే.

మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి వారానికి రెండు రోజులు బడికి వచ్చేది కాదు. ఒకనాడు పిలిచి కారణం అడిగాను. తల వంచుకుని, "మా తమ్ముణ్ణి చూసుకోవాల సార్. అమ్మ చేపల గంప ఎత్తుకుని పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. వాడు ఏటివైపు పోతాడు. పిలిస్తే పలకడు" అంది.

అప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఆ పిల్లవాడికి మూడేళ్లప్పుడు వాళ్లమ్మ నన్ను అడిగింది: "మా వాడికి ఇంకా మాటలు రాలేదు సార్, ఏం చెయ్యాల?" నేను ఏమాత్రం ఆలోచించకుండా, "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయమ్మా, కంగారు పడకు" అన్నాను. సైన్సు మాస్టారి మాట కదా అని ఆమె నమ్మింది. మూడేళ్లు గడిచిపోయాయి. నేను ఆనాడు చెప్పింది సైన్సు కాదు, నలుగురూ అనే మాట. పరీక్షించకుండా చెప్పే ధైర్యానికి ఎంత ఖరీదు ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆటిజం అంటే ఏమిటి?

ఆ పిల్లవాడికి ఉన్నది ఆటిజం. ఇది అంటువ్యాధి కాదు. పిచ్చి కాదు. మెదడు పెరిగే తీరులో పుట్టుకతోనే ఉండే తేడా. ఈ తేడా ఉన్నవారు ఇతరులతో కలిసే పద్ధతి, తమ మనసులోది తెలిపే పద్ధతి వేరుగా ఉంటాయి. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, రోజూ ఒకే క్రమం కోరుకోవడం కనిపిస్తాయి. చాలామందికి శబ్దం, వెలుగు, స్పర్శ మనకన్నా ఎక్కువగానో తక్కువగానో తెలుస్తాయి. లారీ హారన్ మీకు చప్పుడు మాత్రమే. ఆ పిల్లవాడికి అది చెవిలో సూది గుచ్చినట్లు ఉండవచ్చు. అందుకే వాడు రేవు రోడ్డు దగ్గరికి రాగానే చెవులు మూసుకుని కూలబడేవాడు.

2021 నాటికి ప్రపంచంలో సుమారు ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరందరూ ఒకేలా ఉండరు. కొందరు ధారాళంగా మాట్లాడతారు, పెద్ద చదువులు చదువుతారు. సుమారు నూటికి 25 నుంచి 30 మంది పిల్లలు మాత్రం బడి వయసు వచ్చినా మాట్లాడరు, లేదా రెండు మూడు మాటలే పలుకుతారు.

మరి దీన్ని ముందుగా గుర్తించడం ఎలా? ఏడాది నిండిన పాప పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదిన్నరకు కాకినో చందమామనో వేలితో చూపించి, మీరు కూడా చూస్తున్నారా అని మీ ముఖం వంక చూడాలి. ఒకటి రెండు మాటలు పలకాలి. ఇవి లేకపోతే వెంటనే పరీక్ష చేయించాలి. మొట్టమొదట చేయించవలసింది వినికిడి పరీక్ష. ఎందుకంటే చెవుడు ఉన్న పిల్లలు కూడా పిలిస్తే పలకరు, మాటలు నేర్వరు. రెంటికీ చేయవలసిన సాయం వేరు వేరు.

పదకొండు మంది పిల్లలు

1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో తాను చూసిన 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. వారిలో 8 మంది అబ్బాయిలు, 3 అమ్మాయిలు. ఆటిజాన్ని వివరంగా వర్ణించిన తొలి రచనల్లో అది ముఖ్యమైనది. ఆ పదకొండు మందిలో 8 మందికి మాటలు వచ్చాయి. ముగ్గురికి అప్పటికి రాలేదు. అంటే మాట్లాడని పిల్లలు ఈ కథలో మొదటి నుంచీ ఉన్నారన్నమాట.

వ్యాసంలో మొదటి పిల్లవాడు డొనాల్డ్ ట్రిప్లెట్. 1933లో పుట్టాడు. ఊరు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణం. అతనికి మాటలు వచ్చాయి, 1958లో కళాశాల పట్టా కూడా పుచ్చుకున్నాడు. తరువాత సొంత ఊళ్లోని బ్యాంకులో దాదాపు 65 ఏళ్లు పనిచేశాడు. 2023లో, 89వ ఏట మరణించాడు. అతని కుటుంబం కలిగినది, అందరికీ అటువంటి వసతి ఉండదు. అయినా గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ ఊరివాళ్లు అతని తీరును ఎరిగి, అతణ్ణి తమలో ఒకడిగా చూసుకున్నారు. చిన్న ఊరు కావడమే అక్కడ మేలు చేసింది. అందరికీ అతను తెలుసు!

తప్పు ఎవరిది?

ఆటిజం ఎందుకు వస్తుంది? ఒకప్పుడు కొందరు పెద్ద డాక్టర్లే ఈ నేరాన్ని తల్లుల మీద మోపారు. తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లనే బిడ్డ ఇలా అయ్యాడన్నారు. 1950, 60 దశకాల్లో ఎందరో తల్లులు ఆ మాట పడి కుమిలిపోయారు.

నిజం తేల్చడానికి 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే శాస్త్రజ్ఞులు కవల పిల్లలను పరిశీలించారు. ఇందులోని తర్కం చూడండి. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒకటే. వేరు వేరు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు అన్నదమ్ముల వంటివారు. రెండు రకాల వారూ పెరిగేది ఒకే తల్లి ఒడిలో. కారణం పెంపకమే అయితే రెండు రకాల జంటల్లోనూ ఫలితం ఒకేలా ఉండాలి కదా? కాని ఒకే అండపు కవలల్లో 11 జంటలను చూస్తే 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. రెండో రకంలో 10 జంటలను చూస్తే ఒక్క జంటలో కూడా ఇద్దరికీ లేదు. జంటలు కొద్దే అయినా దారి తెలిసింది. తరువాత జరిగిన పెద్ద పరిశోధనలు జన్యువుల పాత్రను గట్టిగా నిలబెట్టాయి. తల్లి నిర్దోషి అని తేలింది.

టీకాల వల్ల వస్తుందనే వదంతి మరొకటి. దీనికి మూలం 1998లో 12 మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం. అందులో తప్పుడు సమాచారం ఉందని తేలి, 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు చూశారు. తట్టు టీకా వేయించుకున్నవారిలో ఆటిజం ఎక్కువగా లేదు.

"నయం చేస్తాం" అనేవారు కూడా తల్లిదండ్రులకు ఎదురవుతుంటారు. భయంలో ఉన్నవారు ఎంత దూరమైనా వెళతారు. 2021 మే నెలలో కరోనా మందు కోసం వేలాది మంది మా కృష్ణపట్నానికే రావడం మేము కళ్లారా చూశాం. అలా వచ్చినవారిని చూసి నవ్వకూడదు. కాని ఏ మందు గురించి విన్నా సైన్సు విద్యార్థి అడగవలసిన ప్రశ్నలు మూడు: ఎంతమంది మీద పరీక్షించారు? వాడనివారితో పోల్చి చూశారా? హాని ఏమైనా ఉందా? ఆటిజాన్ని పోగొట్టే మందు ఇంతవరకు లేదు. దానితోపాటు మూర్ఛలు, నిద్రలేమి వంటివి ఉంటే వాటికి డాక్టరు మందులు ఇస్తారు. అసలైన సాయం నేర్పడంలో ఉంది.

బొమ్మతో మాట

మాట రావాలంటే పెదవులు, నాలుక, దవడ, స్వరతంత్రులు, ఊపిరి అన్నీ ఒక లయలో కదలాలి. ఆ కదలికలన్నింటినీ మెదడు క్షణంలో కూర్చాలి. ఎదుటివారి మాట అర్థం చేసుకోవడం వేరే పని. అందువల్ల నోట మాట రానివారికి ఏమీ అర్థం కాదనుకోవడం పొరపాటు. వారి ఎదుటే వారి గురించి చులకనగా మాట్లాడడం అంతకన్నా పెద్ద పొరపాటు.

నోటి దారి మూసుకుపోతే చేతి దారి తెరవవచ్చు. 1985లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు ఒక పద్ధతి రూపొందించారు. పిల్లవాడు తనకు కావలసిన వస్తువు బొమ్మ ఉన్న అట్టముక్కను ఎదుటివారి చేతికి ఇస్తాడు. వెంటనే ఆ వస్తువు పుచ్చుకుంటాడు. అంగట్లో రూపాయి ఇచ్చి బిళ్ల కొనుక్కున్నట్లే!

మా విద్యార్థిని ఇంట్లో ఇది ఎలా జరిగిందో చెబుతాను. నెల్లూరులో వినికిడి పరీక్ష, ఇతర పరీక్షలు అయ్యాక, అక్కడ నేర్పిన ప్రకారం ఇంట్లో మొదలుపెట్టారు. పిల్లవాడికి బొరుగులంటే ప్రాణం. అక్క అట్టముక్క మీద బొరుగుల గిన్నె బొమ్మ గీసి, పైన పారదర్శకమైన టేపు అంటించింది. తల్లి గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చుంది. అక్క వెనక కూర్చుంది. తమ్ముడు గిన్నె కోసం చేయి చాచగానే, అక్క ఏమీ మాట్లాడకుండా ఆ చేతిని బొమ్మ మీదికి మళ్లించి, దాన్ని అమ్మ అరచేతిలో పెట్టించింది. అమ్మ "బొరుగులు!" అని, ఆ క్షణమే గుప్పెడు పెట్టింది. "ఏం కావాల నాయనా?" అని ముందుగా అడగలేదు. ఎందుకంటే అడిగితేనే చెప్పడం కాక, తనంతట తాను వచ్చి చెప్పడం అలవాటు కావాలి. రోజుకు ఇలా ఎన్నోసార్లు. రోజులు గడిచేకొద్దీ అక్క చేతి సాయం తగ్గించింది.

తొమ్మిదో రోజు తల్లి పొయ్యి దగ్గర ఉంది. పిల్లవాడు గోడకు తగిలించిన బొమ్మ తీసుకుని, వంటింట్లోకి నడిచి వచ్చి, ఆమె చేతిలో పెట్టాడు. ఆరేళ్లలో వాడు అమ్మను వెతుక్కుంటూ వచ్చి చెప్పిన మొదటి మాట అది. ఆ సంగతి మరునాడు నాతో చెబుతూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తరువాత నీళ్లు, అన్నం, మరుగుదొడ్డి, వద్దు, చాలు అనే బొమ్మలు వచ్చాయి. మనిషి శరీరం బొమ్మ కూడా అక్క గీసింది. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి పిల్లవాడు గోడకు తల కొట్టుకోసాగాడు. పూర్వం ఇలా చేస్తే ఇరుగుపొరుగు "గాలి సోకింది, తాయెత్తు కట్టించండి" అనేవారు. ఈసారి అక్క శరీరం బొమ్మ ముందు పెట్టింది. వాడు చెవి మీద వేలు నొక్కాడు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళితే లోపల చీము పట్టి ఉంది. మందు వేశాక తల కొట్టుకోవడం ఆగింది. అంతకుముందు ఎన్నిసార్లు ఈ నొప్పినే వాడు అలా చెప్పుకున్నాడో!

"బొమ్మలకు అలవాటు పడితే ఇక మాటలు రావేమో?" అని చాలామందికి అనుమానం. 2006లో వెలువడిన ఒక పరిశీలనలో, ఇటువంటి పద్ధతులు వాడిన 27 మంది వివరాలను జాగ్రత్తగా చూశారు. మాట తగ్గినవారు ఒక్కరూ లేరు. ఎక్కువమందికి కొద్దో గొప్పో పెరిగింది. మాట ఆలస్యంగా వచ్చే అవకాశం కూడా ఉంటుంది. 2013లో అమెరికాలో నాలుగేళ్లకు కూడా సరిగా మాట్లాడని 535 మంది ఆటిజం పిల్లల సంగతి చూస్తే, ఆ తరువాతి ఏళ్లలో నూటికి 70 మంది చిన్న చిన్న మాటల కూర్పు దాకా వచ్చారు. మిగిలిన 30 మంది? వారికీ బొమ్మలో, సైగలో, యంత్రమో ఉండాలి కదా! మనకు దగ్గరలోని చెన్నైలో అజిత్ నారాయణన్ అనే ఇంజనీరు 'ఆవాజ్' అనే సాధనం తయారుచేశాడు. తెర మీది బొమ్మను తాకితే అది మాటగా పలుకుతుంది. అట్టముక్కలో ఉన్న సూత్రమే అందులోనూ ఉంది.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

మన దేశంలో 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టంలో ఆటిజానికి చోటు దొరికింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్లు ధ్రువపత్రం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు, దగ్గరలోని బడిలో గాని ప్రత్యేక పాఠశాలలో గాని, ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఇది దయ కాదు, చట్టం.

సాయాన్ని మెట్లుగా ఊహించుకోండి. మొదటి మెట్టు మీ వీధిలోని అంగన్‌వాడీ, ఆశా కార్యకర్త. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. అవసరమైనవారిని జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలి. రెండో మెట్టు మండలంలోని భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. కేంద్రానికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడిగితే వివరాలు చెబుతారు. మూడో మెట్టు మా జిల్లాలోనైతే నెల్లూరు పట్టణంలోని సి.ఆర్.సి., అంటే దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రం. 1984లో సికింద్రాబాదులో ఏర్పడిన జాతీయ సంస్థ, నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలుస్తున్నది, దీన్ని పర్యవేక్షిస్తుంది.

అయితే కృష్ణపట్నం నుంచి నెల్లూరు పోయి రావడమంటే తల్లికి ఒక రోజు సంపాదన పోయినట్లే. వారానికి ఒక గంట అక్కడ నేర్పినా, మిగిలిన గంటలన్నీ పిల్లవాడు గడిపేది ఇంట్లో, వీధిలో, బడిలో. అందుకే నాలుగో మెట్టు అన్నింటికన్నా దగ్గరిది. అది మీరే.

మీరు ఏం చేయగలరు?

మా వీధిలో ఇప్పుడు చిల్లర అంగడి యజమానికి ఆ పిల్లవాడి బొమ్మల సంచి తెలుసు. బొమ్మ ఇస్తే బిస్కెట్లు ఇస్తాడు. ఏటి ఒడ్డున వలలు బాగుచేసుకునేవారికి వాడి ముఖం తెలుసు. ఇది చిన్న విషయం కాదు. ఇల్లు దాటిపోయి మరణించిన ఆటిజం పిల్లల్లో నీట మునిగినవారే ఎక్కువని అమెరికాలో గమనించారు. మునిగే పిల్లవాడు "కాపాడండి" అని కేక వేయలేడు. వాడు ఒంటరిగా నీళ్లవైపు పోవడం కనిపిస్తే వెనకనుంచి అరుస్తూ తరమవద్దు. ఒకరు నీటికీ వాడికీ మధ్య నిలబడాలి. మరొకరు ఇంటివాళ్లను పిలవాలి.

మీ తరగతిలో ఇటువంటి పిల్లలు ఉంటే చిన్న చిన్న వాక్యాలతో మాట్లాడండి. జవాబు కోసం పది లెక్కపెట్టేవరకు ఆగండి. ముఖంలోకి చూడమని బలవంతం చేయకండి. చెవులు మూసుకుంటే చప్పుడు తగ్గించండి. వెక్కిరించేవారిని వారించండి. వారి అక్కో అన్నో మీ స్నేహితులైతే, బడికి రాలేని రోజున నోట్సు పట్టుకెళ్లి ఇవ్వండి.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ఎనిమిదేళ్లు. మాటలు ఇంకా రాలేదు. వస్తాయో రావో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం తొందరపడి చెప్పను! వాడి సంచిలో 32 బొమ్మలు ఉన్నాయి. ఉదయం పూట మా ప్రాథమిక పాఠశాలలో కూర్చుంటాడు. వాళ్లక్క పదో తరగతికి వచ్చింది. ఈ ఏడాది ఒక్క రోజు కూడా బడి మానలేదు.

సరే, మొదట చెప్పిన ప్రయోగం మరిచిపోకండి. గంట ముగిశాక, ఆ గంటలో మీ మనసులోనే ఉండిపోయిన సంగతులు ఎన్నో నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తరువాత మీ వీధిలో మాట్లాడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో చూడండి.